రాబందుల్ని చంపిన మందు

చాలా రోజులుగా దగ్గుతో బాధపడుతున్న ఒక పెద్దాయన డాక్టరు దగ్గరికి వెళ్ళాడనుకోండి. డాక్టరు ఛాతీకి ఎక్స్-రే తీయిస్తాడు. ఆ ఫిల్మును వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే ఊపిరితిత్తిలో ఒకచోట చిన్న తెల్లని మచ్చ కనిపించింది. అప్పుడు డాక్టరు ముందుగా ఏమడుగుతాడో తెలుసా? "ఇంతకు ముందు తీయించిన ఎక్స్-రే ఏదైనా మీ దగ్గర ఉందా?" అని అడుగుతాడు.

ఎందుకు? ఎక్స్ కిరణాలు మెత్తని కండలోంచి సులభంగా దూసుకుపోతాయి. ఎముకల్లోని కాల్షియం మాత్రం వాటిని ఎక్కువగా ఆపుతుంది. కిరణాలు బాగా తగిలినచోట ఫిల్ము నల్లబడుతుంది, తగలనిచోట తెల్లగా మిగులుతుంది. కాబట్టి మచ్చ ఎక్కడుందో, ఎంతుందో ఫిల్ము చెప్పగలదు. కాని అది పాతదా, కొత్తదా, పెరుగుతున్నదా అన్న సంగతి ఒక్క ఫిల్ముతో తేలదు. రెండేళ్ళ కిందటి ఫిల్ములో కూడా మచ్చ అంతే ఉంటే డాక్టరు కొంత ఊరటపడతాడు. పాత ఫిల్ములో లేనిది ఇప్పుడు కనబడితే వెంటనే జాగ్రత్తపడతాడు. 1895లో జర్మనీలో రోంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న నాటినుంచి ఇప్పటి స్కానింగు యంత్రాలదాకా పరికరాలు ఎంతో మారాయి. పాతదాన్ని కొత్తదానితో పోల్చి చూడడమనే పద్ధతి మాత్రం మారలేదు.

ఒక మనిషి ఆరోగ్యం సంగతి ఇది. మరి ఒక దేశంలోని నేల, నీరు, పశువులు, పక్షులు జబ్బుపడితే మనకు తెలిసేదెలా? వాటికి పాత ఫిల్ము ఎక్కడ దొరుకుతుంది?

ఒకసారి అటువంటి పాత ఫిల్ము రాజస్థాన్‌లోని ఒక పక్షుల పార్కులో దొరికింది. దాని సాయంతోనే ఒక పెద్ద ప్రమాదం బయటపడింది. ఆ ప్రమాదానికి కారణం తుపాకీ కాదు, రోగక్రిమి కాదు. మందుల షాపుల్లో దొరికే ఒక మామూలు రసాయన పదార్థం. ఆ కథే ఇది.

ఊరి బయట పారిశుధ్య సిబ్బంది

మీ తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి. నలభై, యాభై ఏళ్ళ కిందట మన పల్లెల్లో గొడ్డు చనిపోతే ఊరి బయట పడేసి వచ్చేవారు. తోలు ఒలిచే పని అయిపోగానే ఆకాశంలో ముందు ఒక చుక్క కనిపించేది. తరువాత నాలుగు, తరువాత ఇరవై. చూస్తుండగానే రాబందులు దిగేవి. పెద్ద గుంపు దిగితే గంట తిరిగేసరికి అక్కడ ఎముకలు తప్ప ఏమీ మిగిలేది కాదు.

రాబందును చూస్తే చాలామంది ముఖం చిట్లిస్తారు. బట్టతల, వంగిన ముక్కు, పొడవాటి మెడ! కాని ఆ రూపంలోనే దాని పనితనం ఉంది. తలమీద, మెడమీద దట్టమైన ఈకలు లేకపోవడంవల్ల కళేబరంలోకి తల దూర్చినా రక్తమాంసాలు అంటుకుని కుళ్ళవు. రెక్కలు చాపితే ఈ చివరినుంచి ఆ చివరికి సుమారు రెండు మీటర్లు. ఆ రెక్కలతో వేడిగాలి మీద తేలుతూ, ఆడించవలసిన పని లేకుండానే గంటల తరబడి తిరగగలదు. అన్నిటికన్నా విచిత్రం దాని జీర్ణాశయం. అందులోని ఆమ్లం ఎంత గాఢమైనదంటే, దొమ్మరోగంతో చచ్చిన పశువును తిన్నా రాబందుకు సాధారణంగా ఏమీ కాదు. మనల్ని మంచాన పడేసే ఎన్నో క్రిములు ఆ ఆమ్లంలో నశిస్తాయి.

భారతదేశంలో పశుసంపద ఎక్కువ. ముసలిదై చనిపోయే పశువులూ ఎక్కువే. కాబట్టి మన దేశంలో రాబందులు ఒకప్పుడు కోట్ల సంఖ్యలో ఉండేవని అంచనా. జీతం అడగని, సెలవు కోరని పారిశుధ్య సిబ్బంది అన్నమాట! ముంబయిలోని పార్సీలయితే తమవారి భౌతిక కాయాలను ఎత్తయిన కట్టడాలలో ఉంచి రాబందులకే అప్పగించే ఆచారాన్ని తరతరాలుగా పాటిస్తూ వచ్చారు.

ఘనా పార్కులో తప్పిన లెక్క

రాజస్థాన్‌లో భరత్‌పూర్ పట్టణం పక్కనే కేవలాదేవ్ ఘనా జాతీయ పార్కు ఉంది. విస్తీర్ణం సుమారు 29 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఒకప్పుడు ఇది భరత్‌పూర్ మహారాజుల వేటస్థలం. 1938లో వైస్రాయి గౌరవార్థం జరిగిన వేటలో ఒక్క రోజే 4,273 పక్షులను కాల్చినట్టు అక్కడి రాతిపలకమీద చెక్కి ఉంది. ఆ రోజుల్లో చచ్చిన పక్షులను లెక్కపెట్టేవారు! తరువాత కాలం మారింది. వేట ఆగింది. 1980లలో అది జాతీయ పార్కు అయింది. 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. అప్పటికి అక్కడ బ్రతికున్న పక్షులను లెక్కపెట్టడం మొదలైంది.

ఆ లెక్కలు వేసినవారిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ ఒకరు. 1980లలో ఆయన ఆ పార్కులో తెల్లవీపు రాబందుల గూళ్ళను లెక్కించి 350కి పైగా జంటలున్నట్టు రాసుకున్నారు. అదే పార్కుకు 1990లలో మళ్ళీ వచ్చి చూస్తే గూళ్ళు సగానికి తగ్గాయి. చెట్లకింద చచ్చిన రాబందులు కనిపించాయి. బ్రతికున్నవాటిలో కొన్ని మెడలు వేలాడేసుకుని, చుట్టూ ఏం జరుగుతున్నా పట్టనట్టు కొమ్మలమీద కూర్చున్నాయి. 1999 వచ్చేసరికి ఆ పార్కులో ఒక్క జంట కూడా గూడు కట్టలేదు.

మొదట చాలామంది తేలిగ్గా తీసుకున్నారు. "వేరే చోటికి వలసపోయి ఉంటాయి" అన్నవారున్నారు. "తిండి తగ్గి ఉంటుంది" అన్నవారున్నారు. కాని పార్కు చుట్టుపక్కల చచ్చిన పశువులకు కొదవ లేదు. ఆకలితో చచ్చిన పక్షి శరీరంలో కొవ్వు కరిగిపోయి, కండ చిక్కిపోయి ఉంటుంది. ఇక్కడ చచ్చినవేమో బలంగానే ఉన్నాయి.

అప్పుడు సొసైటీవారు మరో పని చేశారు. 1990ల మొదట్లో దేశంలోని అనేక రోడ్లవెంట వాహనాల్లో వెళుతూ రాబందులను లెక్కపెట్టి ఉంచారు. 2000లో మళ్ళీ అవే రోడ్లవెంట వెళ్ళి లెక్కపెట్టారు. పాత ఫిల్ము, కొత్త ఫిల్ము పక్కపక్కన పెట్టినట్టయింది. జబ్బు ఒక్క భరత్‌పూర్‌ది కాదు, దేశమంతటిదీ అని తేలింది. తరువాత కూడా లెక్కలు కొనసాగాయి. 1992లో వెయ్యి తెల్లవీపు రాబందులు కనిపించిన మేరలో 2007 నాటికి ఒక్కటే మిగిలింది. పొడుగుముక్కు రాబందు, సన్నముక్కు రాబందు అనే మరో రెండు రకాలు కూడా కలిపి నూటికి 97 వంతులు తగ్గిపోయాయి. ప్రపంచంలో మరే పక్షిజాతీ ఇంత వేగంగా తగ్గినట్టు చెప్పడం కష్టం.

చిక్కుముడి విప్పిన శవపరీక్ష

కారణం ఏమిటి? చాలామంది శాస్త్రజ్ఞులు మొదట ఏదో కొత్త వైరస్ అయి ఉంటుందని అనుకున్నారు. పురుగుమందులు అనుకున్నవారూ ఉన్నారు. అనుకోవడం తప్పు కాదు. కాని అనుకున్నది నిజమని నమ్మి కూర్చోవడం విజ్ఞానశాస్త్రం కాదు. పరీక్షించాలి.

ఆ పరీక్ష పాకిస్తాన్‌లోని పంజాబు రాష్ట్రంలో జరిగింది. అక్కడ కూడా రాబందులు వేగంగా చచ్చిపోతున్నాయి. 2000 నుంచి అమెరికాకు చెందిన పెరెగ్రిన్ ఫండ్ అనే సంస్థ, పాకిస్తాన్ పక్షిశాస్త్రజ్ఞులు కలిసి అక్కడ పనిచేశారు. పరీక్షలకు నాయకత్వం వహించినవాడు లిండ్సే ఓక్స్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు.

చచ్చిన రాబందులను కోసి చూస్తే ఎక్కువవాటిలో ఒకే దృశ్యం. గుండెమీద, కాలేయంమీద, మూత్రపిండాలమీద సున్నం చల్లినట్టు తెల్లని పొడి! అది సున్నం కాదు, యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు. అంటే మూత్రపిండాలు పనిచేయడం మానేశాయన్నమాట. మరి వాటిని పాడుచేసింది ఏది? వైరస్‌ల కోసం వెదికారు. దొరకలేదు. బాక్టీరియా కోసం వెదికారు. లేదు. పురుగుమందులు, సీసం వంటి లోహాలు చూశారు. అవీ కారణం కాదని తేలింది.

అప్పుడు ఆలోచన దారి మార్చింది. రాబందు తినేదేమిటి? చచ్చిన పశువు. ఆ పశువు చావకముందు దాని ఒంట్లోకి పోయినదేమిటి? మందులు! వెంటనే ఆ ప్రాంతంలోని పశువైద్యులనూ మందులు అమ్మేవారినీ అడిగి తెలుసుకున్నారు. వాళ్ళు వెదికిన మందుకు మూడు లక్షణాలు ఉండాలి: మూత్రపిండాలకు హాని చేయగలదై ఉండాలి, నోటిద్వారా లోనికి పోయినా పనిచేయాలి, పశువులకు కొత్తగా వాడుకలోకి వచ్చినదై ఉండాలి. ఈ మూడూ సరిపోయిన మందు ఒక్కటే దొరికింది. అదే డైక్లోఫెనాక్.

ఈ పేరు మీరు వినే ఉంటారు. మోకాళ్ళ నొప్పులకు, బెణుకులకు డాక్టర్లు మనుషులకు రాసే మందే అది. 1970లలో మార్కెట్టులోకి వచ్చింది. దెబ్బ తగిలినచోట మన శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారయి నొప్పిని, వాపును కలిగిస్తాయి. డైక్లోఫెనాక్ వాటి తయారీని అడ్డుకుంటుంది. 1990లలో ఇది చవకగా పశువులకు కూడా దొరకసాగింది. ఎద్దు కుంటినా, ఆవుకు పొదుగు వాచినా, ముసలి గేదె లేవలేకపోయినా ఒక ఇంజక్షన్. రైతు చేసినది తప్పు కాదు. మూగజీవానికి నొప్పి తగ్గించాలనుకున్నాడు, అంతే.

అనుమానం వచ్చింది సరే, రుజువు ఎలా? ఓక్స్ బృందం మూత్రపిండాలు చెడి చచ్చిన 25 రాబందులను పరీక్షించింది. ఇరవై అయిదింటిలోనూ డైక్లోఫెనాక్ దొరికింది. ఇక్కడితో ఆగలేదు, చూడండి! వేరే కారణాలతో చచ్చిన 13 రాబందులను కూడా పరీక్షించారు. వాటిలో ఒక్కదానిలోనూ ఆ మందు లేదు. ఈ రెండో పరీక్ష లేకపోతే మొదటిదానికి అంత విలువ ఉండేది కాదు. రాబందులన్నిటిలోనూ ఆ మందు ఉండి ఉంటే, చావుకు అదే కారణమని ఎలా చెప్పగలం? మీరు బడిలో ఒక మొక్కను ఎండలో పెట్టి, మరొకదాన్ని చీకట్లో పెట్టి పోల్చి చూడరూ? అదే సూత్రం.

చివరగా, ఇక అడవిలోకి వదలడానికి వీలులేని కొన్ని రాబందులకు డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల మాంసం పెట్టారు. మందు ఎక్కువగా అందిన పక్షులు కొద్ది రోజుల్లోనే చచ్చిపోయాయి. కోసి చూస్తే అదే తెల్లని పొడి. 2004లో ఈ ఫలితాలు 'నేచర్' పత్రికలో వెలువడ్డాయి. చిక్కుముడి వీడింది.

ఆవును చంపనిది రాబందును ఎలా చంపింది?

ఈ పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. మంచి ప్రశ్న.

మనం తిన్న మాంసకృత్తులు ఒంట్లో ఖర్చయిన తరువాత నత్రజని ఉన్న వ్యర్థాలు మిగులుతాయి. మనుషులలోనూ ఆవులలోనూ అవి ఎక్కువగా యూరియా రూపంలో బయటికి పోతాయి. యూరియా నీళ్ళలో బాగా కరుగుతుంది కాబట్టి మూత్రంతో సులభంగా వెళ్ళిపోతుంది. పక్షులు అంత నీటిని మోసుకుని ఎగరలేవు. అవి అదే వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి, తెల్లని ముద్దలా విసర్జిస్తాయి. గోడమీద కాకి రెట్టలో తెల్లగా కనిపించేది అదే.

యూరిక్ ఆమ్లం నీళ్ళలో చాలా తక్కువగా కరుగుతుంది. దాన్ని రక్తంలోంచి ఎప్పటికప్పుడు లాగి బయటికి పంపే పని మూత్రపిండాల కణాలది. డైక్లోఫెనాక్ ఈ రాబందులలో ఆ కణాలను దెబ్బతీస్తుంది. యూరిక్ ఆమ్లం రక్తంలో పేరుకుంటుంది, ఇక కరగలేక అవయవాలమీద స్ఫటికాలుగా దిగుతుంది. పక్షి మెడ వాలిపోతుంది. రెండు మూడు రోజుల్లో కథ ముగుస్తుంది.

ఆవులో అలా జరగదు. దాని శరీరం ఆ మందును కొద్ది రోజుల్లో విడగొట్టి బయటికి పంపేస్తుంది. ఇంజక్షన్ చేసిన తరువాత ఆ కొద్ది రోజుల లోపల ఆవు చనిపోతేనే రాబందుకు ప్రమాదం. ఇంకో వింత కూడా ఉంది. అమెరికాలో ఉండే టర్కీ రాబందుకు మన రాబందును చంపే మోతాదుకు వంద రెట్లకు మించి ఇచ్చినా ఏమీ కాలేదని 2008లో తేలింది! కాబట్టి ఒక జీవికి మందు అయినది ఇంకొక జీవికి మందే అవుతుందనీ చెప్పలేము, విషమే అవుతుందనీ చెప్పలేము. ప్రతిదాన్నీ విడిగా పరీక్షించవలసిందే.

ఒక చిన్న లెక్క

"దేశంలో ఎన్ని పశువులు లేవు! ఏ కొన్నింటికో ఇంజక్షన్ చేస్తే రాబందులన్నీ పోతాయా?" అని మీకు అనుమానం రావచ్చు. కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక లెక్క చేద్దాం.

చచ్చిన పశువులలో 200కి ఒక్కదానిలోనే ప్రాణాంతకమైనంత మందు ఉందనుకుందాం. రాబందు రోజూ తినదు. మూడు రోజులకొకసారి తింటుందనుకుంటే ఏడాదికి సుమారు 120 భోజనాలు. ఒక్కొక్క భోజనంలో అది బ్రతికి బయటపడే అవకాశం 200కి 199, అంటే 0.995. ఏడాదంతా బ్రతకాలంటే 0.995ను 120 సార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.55. అంటే 100 రాబందులలో ఏడాది చివరికి 55 మిగులుతాయి. రెండో ఏడు 30. మూడో ఏడు 16. అయిదో ఏడు ముగిసేసరికి 5!

ఇవి మనం అనుకున్న అంకెలు. శాస్త్రజ్ఞులు ఇంతకన్నా జాగ్రత్తగా లెక్కించినప్పుడు కూడా నూటికి ఒకటికన్నా తక్కువ కళేబరాలు విషపూరితమైతే చాలు, జరిగిన నష్టమంతా జరుగుతుందని తేలింది. 2004, 2005లలో మన దేశంలో పరీక్షించిన పశుకళేబరాలలోనైతే ఎంతో కొంత డైక్లోఫెనాక్ ఉన్నవి సుమారు నూటికి పది.

పుట్టుకలతో ఈ నష్టం పూడదా అంటే, పూడదు. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. పిల్ల పెద్దదై తానూ గూడు కట్టడానికి సుమారు అయిదేళ్ళు పడుతుంది. పిచ్చుకలాగా త్వరత్వరగా పెరిగే జాతి కాదు అది.

పక్షి పోతే మనిషికేం?

రాబందులు పోయాయి. పశువులు చావడం మాత్రం ఆగలేదు. మరి ఆ కళేబరాలను ఎవరు తినాలి? ఊరకుక్కలు తిన్నాయి. తిండి దొరికితే సంతతి పెరుగుతుంది. కుక్కలు పెరిగితే కుక్కకాట్లు పెరుగుతాయి. మన దేశంలో మనుషులకు రేబిస్ సోకేది చాలావరకు కుక్కకాటువల్లనే. పైగా రాబందు గంటలో ముగించే పనికి కుక్కలకు రోజులు పడుతుంది. ఈలోగా మిగిలినది కుళ్ళి, వానకు కొట్టుకుపోయి చెరువుల్లో, కాలువల్లో కలుస్తుంది.

ఎయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు ఈ సంగతిని లోతుగా పరిశీలించారు. ఒకప్పుడు రాబందులు బాగా ఉన్న జిల్లాలను, మొదటినుంచీ అంతగా లేని జిల్లాలతో పోల్చారు. రాబందులు పోయిన తరువాత మొదటి రకం జిల్లాల్లో మరణాల రేటు పెరిగింది. 2000 నుంచి 2005 వరకు సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని వారి అంచనా. 2024లో ఈ పరిశోధన వెలువడింది.

అయిదు లక్షలు! ఆ చనిపోయినవారిలో ఏ ఒక్కరి చావుకూ 'రాబందు లేకపోవడం' అని ఆసుపత్రి కాగితంలో రాసి ఉండదు. ఏ ఎక్స్-రేలోనూ అది కనిపించదు. జిల్లాకు జిల్లా, ఏడాదికి ఏడాది పోల్చి చూసినప్పుడే బయటపడుతుంది.

వైద్యం మొదలైంది

రోగం తెలిసింది కాబట్టి వైద్యానికి దారి దొరికింది. 2006లో భారత ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ తయారీని ఆపివేయమని ఆదేశించింది. అదే ఏడాది నేపాల్, పాకిస్తాన్ కూడా అదే బాట పట్టాయి. అయితే రైతుకు ప్రత్యామ్నాయం చూపకుండా నిషేధిస్తే లాభమేమిటి? శాస్త్రజ్ఞులు అది కూడా చూశారు. మెలాక్సికామ్ అనే మరో నొప్పిమందును రాబందులమీద జాగ్రత్తగా పరీక్షించి, దానివల్ల హాని లేదని అదే 2006లో ప్రకటించారు. పశువులకూ అది బాగానే పనిచేస్తుంది.

చట్టం వచ్చినంతమాత్రాన పని అయిపోలేదు. మనుషులకోసం తయారయిన పెద్ద డైక్లోఫెనాక్ సీసాలను కొందరు పశువులకు వాడసాగారు. అందువల్ల 2015లో మనుషుల ఇంజక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకు మించకుండా ఒక్క మోతాదుకే పరిమితం చేశారు. ఒక గేదెకు అటువంటివి ఎన్నో సీసాలు కావాలి, ఖర్చు ఎక్కువ, కాబట్టి వాడరని ఆలోచన. ఇంతలో అసెక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ అనే మరో రెండు మందులు కూడా రాబందులకు హానికరమని తెలిసింది. అసెక్లోఫెనాక్ అయితే పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది! ఈ రెండింటినీ 2023లో పశువులకు నిషేధించారు. 2024 చివర్లో నిమెసులైడ్‌ను కూడా నిషేధించారు.

మరో వైపు హర్యానాలోని పింజోర్ దగ్గర 2001లో ఒక రాబందుల సంరక్షణ కేంద్రం వెలిసింది. అక్కడ రాబందులను పెంచి, పిల్లలను చేయించి, అడవికి పంపడం లక్ష్యం. 2020లో అక్కడ పెరిగిన తెల్లవీపు రాబందులను మొదటిసారిగా ఆకాశంలోకి వదిలారు. అస్సాం, పశ్చిమ బెంగాల్, మధ్యప్రదేశ్‌లలో కూడా ఇటువంటి కేంద్రాలు ఏర్పడ్డాయి. మన హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాల కూడా రాబందుల పెంపకంలో పాలుపంచుకుంది.

తెలుగునాట రాబందులు దాదాపు లేవనుకుంటున్న రోజుల్లో, 2013లో, ఆదిలాబాద్ ప్రాంతంలోని బెజ్జూర్ అడవుల్లో ఒక మంచి వార్త వినిపించింది. ప్రాణహిత నది దగ్గర పాలరాపు గుట్ట ఉంది. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వస్తుంది. ఆ గుట్ట నిట్రమైన రాతి అంచులమీద పొడుగుముక్కు రాబందులు గూళ్ళు కట్టుకుని కనిపించాయి. మిగతా దేశంలో జరిగినదాన్ని తట్టుకుని అక్కడ కొన్ని నిలిచాయి. జటాయువు కథ తెలిసిన మనకు, లేపాక్షి పేరులోనే ఆ పక్షిని చెప్పుకునే మనకు, అటువంటి గుట్టలు ఎంత విలువైనవో వేరే చెప్పాలా?

తప్పు ఎవరిది?

ఇంత విన్న తరువాత "అయితే రసాయనాలన్నీ చెడ్డవే" అనుకోకండి. అది తొందరపాటు. డైక్లోఫెనాక్ ఎంతోమంది మనుషులకు నొప్పి తగ్గించింది. మెలాక్సికామ్ కూడా రసాయనమే, అదే రాబందులను కాపాడింది. మనం తాగే నీరూ రసాయనమే! రసాయనంలో మంచి, చెడు అని రాసి ఉండదు. అది ఎవరి ఒంట్లోకి, ఎంత మోతాదులో, ఏ దారిన పోతున్నదో చూడాలి. ఒక మందును మార్కెట్టులోకి పంపేముందు అది తీసుకున్న జీవి ఏమవుతుందో పరీక్షించేవారు. ఆ జీవిని తినే జీవి ఏమవుతుందని అడగాలన్న పాఠాన్ని రాబందులు నేర్పాయి.

అలాగే "పార్కులెందుకు? ఆదివారం తిరిగి రావడానికేగా!" అనేవారికి భరత్‌పూర్ మంచి సమాధానం. అక్కడి చెట్లు రాబందులను బ్రతికించలేకపోయాయి. పార్కుకు కంచె ఉంది గాని, రాబందుకు కంచె లేదు. అది పొద్దున్నే లేచి కంచె దాటి పల్లెలమీదికి వెళ్ళి విషం తిని వచ్చింది. అయినా పార్కు వృథా కాలేదు. ఏళ్ళ తరబడి ఒకేచోట, ఒకే పద్ధతిలో లెక్కలు రాసి ఉంచినందువల్లే దేశపు జబ్బు అక్కడ బయటపడింది. ఆ పుస్తకాల్లో 350 అని రాసి ఉండకపోతే, తరువాత వచ్చిన సున్నాకు అర్థమేముంది?

మీరు చేయవలసిన పని

ఈ పని పెద్ద శాస్త్రజ్ఞులే చేయాలని ఏమీ లేదు. మీ బడికి దగ్గరలో ఒక చెరువునో, మర్రిచెట్టునో, గుట్టనో ఎంచుకోండి. నలుగురైదుగురు కలిసి నెలకొకసారి, ఒకే రోజున, ఒకే వేళకు అక్కడికి వెళ్ళండి. సరిగ్గా అరగంట నిలబడి ఏ పక్షులు ఎన్ని కనిపించాయో లెక్కపెట్టండి. తేదీ, వేళ, ఎండో మబ్బో, పక్షి పేరు, సంఖ్య, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి. పేరు తెలియకపోతే రంగు, పరిమాణం, ముక్కు ఆకారం రాసుకుని మీ సైన్సు మాస్టారిని అడగండి. గూళ్ళ జోలికి పోవద్దు, గుడ్లు ముట్టవద్దు.

మీ ఇంట్లో పశువులుంటే, నొప్పికి ఇంజక్షన్ చేయించేటప్పుడు అది ఏ మందో పశువైద్యుడిని అడిగి తెలుసుకోండి. మెలాక్సికామ్ సంగతి మీ నాన్నగారికి చెప్పండి. ఎప్పుడైనా కుక్క కరిస్తే దాచిపెట్టకండి. గాయాన్ని ధారగా పోసే నీళ్ళతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి.

నోటుపుస్తకం విషయంలో చివరి మాట ఒకటి. మీరు పదో తరగతి దాటి వెళ్ళిపోయేటప్పుడు దాన్ని ఇంటికి తీసుకుపోకండి. తొమ్మిదో తరగతివారి చేతికివ్వండి. నిరుడు కనిపించిన పక్షి ఈ ఏడు కనిపించకపోతే ఆ గడిని ఖాళీగా వదలకండి. సున్నా అని రాయండి. అది కూడా ఒక లెక్కే.